కింది పోర్షన్‌లో నిద్ర పట్టడం లేదు

విజయవాడ పాయకాపురం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వివరాలు మాత్రం ఏవీ దాచుకోలేదు. వయసు ముప్పై నాలుగు. భర్త ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో లెక్కలు రాస్తారు, నెలకు 19,000 వస్తాయి. ఈవిడ ఇంట్లోనే జాకెట్లు కుడతారు, చీరలకు ఫాల్స్ వేస్తారు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఎక్కువ, మిగతా రోజుల్లో తక్కువ, మొత్తం మీద నెలకు ఏడెనిమిది వేలు. ఏడో తరగతి అమ్మాయి, మూడో తరగతి అబ్బాయి, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు. 2021లో ఆరు వేల అద్దెకు, పన్నెండు వేల అడ్వాన్సుకు దిగిన కింది పోర్షన్‌లోనే ఇప్పటికీ ఉంటున్నారు. రెండు గదులు, వంటగది. అద్దె ఇప్పుడు 7,000. పైన ఓనరు మామ్మగారు ఒక్కరే ఉంటారు, కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం. కాగితం మీద ఏదీ రాసుకోలేదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు పొంగి వాళ్ళ వీధిలోకి వచ్చింది. "పొద్దున గడప దగ్గరున్న నీళ్ళు మధ్యాహ్నానికి కిటికీ అందుకున్నాయండీ" అని రాశారు. భర్త తల్లిని భుజాన వేసుకుని మెట్లెక్కించారు. ఐదుగురూ ఆరు రోజులు మామ్మగారి ఇంట్లోనే ఉన్నారు. తిన్నది ఆవిడ బియ్యం, కాల్చింది ఆవిడ గ్యాసు. కింద ఫ్రిజ్, బీరువా, మంచాలు, కుట్టు మెషీను, బండి అన్నీ మునిగిపోయాయి. కింది అంతస్తుల వాళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 అందింది. ఆ పైన మామ్మగారు రెండు నెలలు అద్దె తీసుకోలేదు.

మొన్న సంక్రాంతికి ఆవిడ కొడుకు వచ్చి, రెండు నెలల తర్వాత తొమ్మిది వేలు ఇస్తే ఉండండి, లేకపోతే ఖాళీ చేయండి, అడ్వాన్సు రంగులకే సరిపోతుంది అన్నాడట. గోడలేమో మోకాలెత్తు దాకా చెమ్మ పట్టి పెచ్చులు రాలుతున్నాయి. కరెంటు యూనిట్‌కు 9 రూపాయలు తీసుకుంటున్నారు, వీళ్ళు నెలకు 120 యూనిట్ల దాకా కాలుస్తారు. ఈ సోదరి ఎవరికీ చెప్పకుండా పోరంకిలో ఒక గ్రూప్ హౌస్ చూసి వచ్చారు. మొదటి అంతస్తు, లిఫ్టు లేదు, అద్దె 12,000, మెయింటెనెన్స్ వెయ్యి. ఇంట్లో చెప్తే భర్త "అంత మేలు చేసిన మనిషిని వదిలి పోదామా? గండ్లు పూడ్చేశారుగా, ఇంకెక్కడి వరద?" అన్నారు. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. అత్తగారు మాత్రం రోజూ సాయంత్రం వీధి చివర రామాలయం దగ్గర తన ఈడు వాళ్ళతో కూర్చుని వస్తారు.

చివరి పేజీలో రాసిన మాటలు ఇవి: "వాన చప్పుడు వినపడితే చాలు, లేచి సెల్ లైటు వేసి గడప చూస్తాను. ఒక్కోసారి రాత్రికి మూడుసార్లు. మా అమ్మాయి తన సర్టిఫికెట్లూ, పుస్తకాలూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టుకుంది. నేను చెప్పలేదు, తనే పెట్టుకుంది. నాది భయమా, అత్యాశా చెప్పండి." దాని కింద, సంతకం చేయాల్సిన చోట ఇంకో ముక్క: "వరదప్పుడు తెచ్చిన అరవై వేల అప్పు ఇంకా అలాగే ఉంది, రెండు రూపాయల వడ్డీ."

అమ్మా, ముందు మీరడిగిన దానికి జవాబు చెప్తాను. అది అత్యాశ కాదు. పిల్లలు తడవని చోట పడుకోవాలనుకోవడం ఆశ కూడా కాదు, అవసరం. ఏడాదిన్నర దాటినా వానకు మెలకువ వస్తోందంటే మీ మనసు బలహీనమైందని కాదు. ఆ రోజు మీ కళ్ళు చూసిన దాన్ని మీ ఒళ్ళు మర్చిపోలేదు, అంతే. నేను కృష్ణలంకలో పెరిగాను. 2009 అక్టోబరులో కృష్ణకు వరద వచ్చినప్పుడు మా అమ్మ ఇల్లు వదిలి మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు ఆవిడ ఏ సామానూ నేల మీద పెట్టనిచ్చేది కాదు. బియ్యం బస్తా కింద కూడా ఇటుకలు పెట్టించేది. మేము నవ్వేవాళ్ళం. నవ్వకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

నిద్ర సంగతి ఇంటి సంగతితో పాటు తేలిపోతుందని వదిలేయకండి. ఇల్లు మారినా కొంతమందికి ఆ మెలకువ పోదు. టెలి మానస్ అని ప్రభుత్వ ఉచిత ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు. వాన లేని ఒక మధ్యాహ్నం పూట ఫోన్ చేసి, నాకు రాసినట్టే వాళ్ళకూ చెప్పండి. వర్షాకాలం వచ్చే దాకా ఆగొద్దు.

ఇక మీ ఉత్తరంలో నాకు కనిపించింది చెప్తాను. వరద భయం, మామ్మగారి ఋణం, డబ్బు, ఈ మూడూ ఒకే తాడుకు ముడిపడిపోయాయి. ఒకదాన్ని లాగితే మిగతా రెండూ బిగుసుకుంటున్నాయి. మీరు "భయం" అంటే మీ వారు "ఋణం" అంటున్నారు. ఆయన మనసులో ఉన్నది మాత్రం డబ్బేమో అని నా అనుమానం. ఎందుకంటే అసలు బరువైన మాటను మీరు సంతకం కింద రాశారు. అరవై వేలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,200. ఏడాదికి 14,400 కడతారు, అసలు మాత్రం అలాగే ఉంటుంది. ఆ అప్పు తెచ్చింది మీ వారే అయితే, మీరు పోరంకి అన్న ప్రతిసారీ ఆయనకు ఆ అంకె గుర్తొస్తూ ఉంటుంది. తల్లిని భుజాన మోసిన మనిషి "నా వల్ల కాదు" అని పెళ్ళాం ముందు అనలేక, "మేలు మర్చిపోదామా" అంటున్నారేమో. ఇది నా ఊహ, తప్పు కావచ్చు. కానీ ఆయనతో ఇంటి గురించి మాట్లాడే ముందు అప్పు గురించి మాట్లాడండి. "మీరొక్కరే మోస్తున్నారు, ఎట్లా తీరుద్దాం?" అని మీరే మొదలుపెట్టండి. డ్వాక్రా గ్రూపులో మీరు ఉంటే, గ్రూపు రుణం తీసుకుని ఈ రెండు రూపాయల అప్పు తీర్చేయగలరేమో కనుక్కోండి. చిన్న నగ ఏదైనా ఉంటే బ్యాంకులో పెట్టి తెచ్చినా వడ్డీ ఇందులో సగానికి దగ్గరలో ఉంటుంది. బంగారం పెట్టడం మీకు ఇష్టం లేకపోవచ్చు, నాకు అర్థమవుతుంది. కానీ ఇప్పుడు కడుతున్న వడ్డీ కూడా ఆ బంగారం విలువలోంచి పోతున్నట్టే.

గండ్లు పూడ్చారు కదా అని మీ వారు అన్నది తప్పు కాదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి వచ్చే బుడమేరు వరదను వెలగలేరు దగ్గర కృష్ణ వైపు మళ్ళించే కాలువ ఉంది. ఆ కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడి నీళ్ళు మీ మీదికి వచ్చాయి. సైన్యం కూడా వచ్చి సాయం చేశాక సెప్టెంబరు 7న మూడో గండి పూడింది. తర్వాత గట్లు బలపరిచే పనులు చేపట్టారు. కాబట్టి ఏటా అదే జరుగుతుందని అనుకోనక్కర్లేదు. అయితే మీరూ తప్పు కాదు. 2005లో కూడా బుడమేరు ఊళ్ళోకి వచ్చింది. గట్టు బలపడితే ప్రమాదం తగ్గుతుంది, మీ వీధి మాత్రం ఎత్తు పెరగదు. ఈ రెండూ నిజమే. ఎవరు గెలుస్తారని వాదించుకోవడం ఆపి, "మళ్ళీ వస్తుందో రాదో తెలియదు, వస్తే మనం ఏం పోగొట్టుకోకూడదు?" అని ఇద్దరూ కలిసి ఆలోచిస్తే మాట ముందుకు నడుస్తుంది.

మామ్మగారి మాట. ఈ ఒక్క విషయంలో నేను మీ వారి పక్షం, సగం వరకు. ఆరు రోజులు అన్నం పెట్టిన చేతిని మర్చిపోకూడదు. కానీ ఆ ఋణం ఆవిడకు, ఆవిడ కొడుకు చెప్పే తొమ్మిది వేలకు కాదు. ఆవిడ చేసిన మేలుకు బదులుగా చెమ్మ గోడల మధ్య పిల్లల్ని పడుకోబెట్టాలని ఆవిడే కోరుకోరు. ఇల్లు మారినా పండక్కి వెళ్ళి ఒక చీర పెట్టొచ్చు, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళొచ్చు. అద్దెకున్నంత కాలమే ఉండే బంధం కాదు కదా అది.

ఇంకో మాట గమనించండి. మీతో మాట్లాడింది కొడుకు. మామ్మగారు ఏమన్నారో మీ ఉత్తరంలో లేదు. ఒంటరిగా మేడ మీద ఉండే పెద్దావిడకు కింద ఒక సంసారం ఉందంటే అది అద్దె కన్నా పెద్ద ధైర్యం. రాత్రి పూట పిలిస్తే పలికే మనిషి. మీరు వెళ్ళిపోతే వచ్చేవాళ్ళు ఎలాంటివాళ్ళోనని ఆవిడకూ దిగులు ఉండే ఉంటుంది. కొడుకు హైదరాబాద్‌లో కూర్చుని ఇంటర్నెట్‌లో అద్దెలు చూసి చెప్తాడు, ఆ పోర్షన్ గోడలు ఎలా ఉన్నాయో ఆవిడకే తెలుసు. ఒక సాయంత్రం మీరూ మీ అత్తగారూ పైకి వెళ్ళి, ఫిర్యాదులా కాకుండా, సంగతి అడగండి. ఆవిడకు మాట ఇబ్బంది కలగకుండా కొడుకుతో మీ వారు ఫోన్‌లో మాట్లాడతారని కూడా చెప్పండి.

ఆ మాటల్లో రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. ఒకటి, అడ్వాన్సు. వరద నీళ్ళకు పాడైన గోడకు అద్దెకున్నవాళ్ళు రంగులు వేయించాల్సిన పని లేదు. మీరు మేకులు కొట్టి పాడు చేస్తే అది వేరే సంగతి. మన ఊళ్ళో ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో కొంత పట్టుకోవడం అలవాటుగా ఉంది, నిజమే. కానీ చెమ్మకు పెచ్చులూడుతున్న గోడకు ముందు పాత ప్లాస్టరింగ్ కొట్టి మళ్ళీ చేయించాలి, లేకపోతే పైన ఎన్ని రంగులు వేసినా ఉప్పు పొంగి రాలిపోతుంది. ఆ ఖర్చు ఇంటి యజమానిదే. మామ్మగారు వదిలేసిన రెండు నెలల అద్దెకు బదులు ఈ అడ్వాన్సు వదిలేద్దామని మీ వారు అనొచ్చు. ఆ రెంటినీ ముడిపెట్టొద్దని నా సలహా. ఆవిడ ఇచ్చింది ప్రేమతో, కొడుకు అడుగుతున్నది లెక్కతో. లెక్కకు లెక్కే చెప్పాలి.

రెండోది కరెంటు. ఇది మీకు చిన్నదిగా అనిపించి ఒక్క వాక్యంలో రాసేశారు గానీ, నాకు ఉత్తరం మొత్తంలో ఎక్కువ ఆశ కనిపించింది ఇక్కడే. ఇప్పుడున్న స్లాబుల్లో ఇళ్ళకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4 రూపాయల 50 పైసలు, 225 దాకా 6 రూపాయలు. 120 యూనిట్లకు లెక్క వేస్తే నాలుగు వందలు కూడా కాదు. సర్దుబాటు చార్జీలూ, సుంకమూ కలిపినా మీరు కడుతున్న 1,080కి చాలా దూరం. రెండిళ్ళకూ ఒకే మీటరు ఉంటే యూనిట్లన్నీ ఒక్క చోట కలిసి పై స్లాబులోకి వెళ్తాయి, మామ్మగారి బిల్లు కూడా అందుకే పెరుగుతుంది. ఆవిడ మీ దగ్గర లాభం తీస్తున్నారని నేననను, చుట్టుపక్కల అందరూ తొమ్మిది తీసుకుంటున్నారని ఎవరో చెప్పి ఉంటారు. మీ పోర్షన్‌కు వేరే మీటరు పెట్టించమని అడగండి. మీటరు ఖర్చు మీరు సగం పెట్టుకుంటామన్నా నెలల్లో తిరిగి వచ్చేస్తుంది. అద్దె వెయ్యి పెంచినా ఈ మీటరు వస్తే మీ జేబు మీద పడే భారం సగానికి తగ్గుతుంది.

ఇప్పుడు దారులు చూద్దాం.

పోరంకి ఇల్లు మీకు నచ్చింది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. మీ ఇంటి రాబడి మొత్తం 26,500 అనుకుందాం. తొమ్మిది వేలు అందులో మూడో వంతు. పదమూడు వేలు దాదాపు సగం. సగం రాబడి అద్దెకు పోయే ఇంట్లో ఒక్క జ్వరం వచ్చినా మళ్ళీ వడ్డీకి తేవాల్సి వస్తుంది. పైగా రెండు నెలల అడ్వాన్సు అంటే 24,000, బ్రోకరు, సామాను తరలింపు, పాలు పొంగించడం. మీ కుట్టు పని సంగతి వేరే చూడాలి. మీ దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళందరూ ఆ నాలుగు వీధుల వాళ్ళే. కొత్త చోట మీ చెయ్యి మంచిదని తెలియడానికి ఎంత లేదన్నా కొన్ని నెలలు పడుతుంది, ఆ నెలల్లో మీ ఏడెనిమిది వేలు మూడు నాలుగు వేలకు పడిపోవచ్చు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, దాన్ని మీరిద్దరూ లెక్కలోకి తీసుకోలేదు. మీ వారి షాపు ఆటోనగర్‌లో. పాయకాపురం నుంచి ఇన్నర్ రింగు రోడ్డు పట్టుకుని రామవరప్పాడు రింగు ట్రాఫిక్ దాటి రోజూ వెళ్తున్నారు. పోరంకి నుంచయితే బందరు రోడ్డు మీద తాడిగడప, కానూరు దాటితే ఆటోనగర్ వచ్చేస్తుంది. పెట్రోలు తగ్గుతుంది, రాత్రి ఇంటికి త్వరగా వస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి, మీరు వారానికి రెండు రోజులు పాయకాపురం వచ్చి పాత వాళ్ళ బట్టలు తీసుకెళ్ళి, కుట్టినవి ఇచ్చి రావచ్చు. చార్జీ ఉండదు గానీ బస్సు మారి రావాలి, ఆ రోజు సగం పోతుంది. చేయగలరా అన్నది మీ ఒంటిని అడగండి. చేయగలిగితే మాత్రం పోరంకి అసాధ్యం కాదు, అప్పు తీరిన తర్వాత. అప్పు ఉండగా వెళ్తే ఇల్లు కొత్తదవుతుంది, నిద్ర పట్టకపోవడం పాతదే అవుతుంది, కారణం మారుతుంది అంతే.

పోరంకి ఇల్లు చూపించిన బ్రోకరు "మీరు ఏమిటోళ్ళు" అని కులం అడిగాడని రాశారు. చదువుతుంటే మనసు కలుక్కుమంది. అద్దె ఇవ్వగలరా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. కులం చూసి తలుపు తీసే ఇంట్లో మీరు చెప్పులు ఎక్కడ విడవాలో కూడా వాళ్ళే చెప్తారు. ఆ ఇల్లు దొరక్కపోయినా దిగులు పడకండి, ఆ రోడ్డు మీద అదొక్కటే ఇల్లు కాదు.

మీరు అసలు ఆలోచించని దారి ఒకటుంది. ఊరు మారకుండా అంతస్తు మారడం. మీ వీధిలోనో పక్క వీధిలోనో పై పోర్షన్ దొరికితే పిల్లల బడి అదే, మీ గిరాకీ అదే, రామాలయం అదే. మీ వైపు అద్దెలను బట్టి చూస్తే పోరంకి కన్నా తక్కువలో దొరుకుతుంది. అయితే దీని పరిమితి కూడా చెప్పాలి. 2024లో మేడల మీద ఉన్నవాళ్ళూ రోజుల తరబడి కరెంటు లేక, మంచినీళ్ళు లేక పడవల కోసం ఎదురు చూశారు. మీరే ఆరు రోజులు చూశారు. పై పోర్షన్ మీ సామాను కాపాడుతుంది, మెషీను కాపాడుతుంది, అమ్మాయి పుస్తకాలు కాపాడుతుంది. వీధిలో నీళ్ళను ఆపదు. ఆ ఆరు రోజులే మిమ్మల్ని లేపుతున్నాయో, పోయిన సామాను లేపుతోందో మీకే తెలియాలి. సామానే అయితే ఈ దారి మీకు సరిపోతుంది.

పై పోర్షన్ అయినా, పోరంకి అయినా మెట్లున్నాయి. అత్తగారి మోకాళ్ళు గుర్తొచ్చి మీరు రెండుసార్లు రాశారు. మీ ఉత్తరంలో ఆవిడ మోకాళ్ళు ఉన్నాయి, ఆవిడ మాట ఎక్కడా లేదు. ఒకసారి అడిగారా? రోజుకొక్కసారి మెల్లగా దిగి ఎక్కడం ఆవిడకు చేతనవునేమో, లేక మీ భయం కన్నా రామాలయం దగ్గర కబుర్లు పోవడమే ఆవిడకు పెద్ద నష్టమేమో. కొడుకు భుజం మీద నీళ్ళలోంచి వెళ్ళిన మనిషి ఆవిడ. ఆవిడకూ ఆ రోజు గురించి ఒక అభిప్రాయం ఉండి ఉంటుంది. మీ వారు ఎవరి మాట వింటారో కూడా మీకు తెలుసు కదా.

ఇక ఉన్న ఇంట్లోనే కొన్నాళ్ళు ఉండడం. దీన్ని ఓటమి అనుకోకండి. నేనయితే కనీసం పిల్లల పరీక్షలయ్యే దాకా కదలను. ఏప్రిల్‌లో బడి సంవత్సరం ముగుస్తుంది, జూన్‌లో కొత్తది మొదలవుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం మే 17న మొదలు, ఆ నెలంతా జనం ఇళ్ళు మారరు. అంటే మీకు మారాలని ఉంటే ఏప్రిల్ చివరి నుంచి మే మధ్య దాకా అనువైన సమయం. మీకు ముహూర్తాల పట్టింపు లేకపోతే ఆ అధిక మాసంలోనే ఖాళీగా ఉన్న ఇళ్ళ ఓనర్లు అద్దె దగ్గర కాస్త దిగుతారు.

ఆ దాకా ఉండేటట్లయితే తొమ్మిది కాదు, ఎనిమిది వేలకు అడగండి. బదులుగా గోడల రిపేరు, వేరే మీటరు, వానాకాలంలో మేడ మెట్ల గేటు తాళం చెవి ఒకటి మీ దగ్గర. ఈ తాళం చెవి చిన్న మాట కాదు. బుడమేరుకు హెచ్చరిక వచ్చిన రోజు మెషీను, గ్యాసు బండ, కాగితాలు పైకి చేర్చుకోవడానికి ఎవరినీ బతిమాలనక్కర్లేదు. మామ్మగారు ఒప్పుకుంటారనే నా నమ్మకం. ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే, మీ వారికి కూడా.

ఏ దారి పట్టినా నోటి మాట మీద మాత్రం ఉండకండి. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్తుంది. అందుకే అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు. మీరూ అలాగే రాయించుకోండి. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేస్తే ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, రంగుల ఖర్చు ఎవరిది, ఎంత ముందు చెప్పాలి, ఇవి ఉంటే చాలు. అద్దె ఫోన్‌లో పంపండి, చేతికిస్తే రసీదు అడగండి. ఒప్పందం లేకుండా నెలనెలా అద్దెకున్నవాళ్ళను ఖాళీ చేయించాలన్నా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కొడుకు రెండు నెలలు గడువిచ్చాడు కాబట్టి అతను అన్యాయం చేస్తున్నాడని నేననను. కానీ రేపు కోపంలో "ఈ నెలాఖరుకే" అన్నా మీరు కంగారుపడాల్సిన పని లేదని తెలిసి ఉండాలి.

కొత్త ఇల్లు ఎక్కడ చూసినా పొడి మధ్యాహ్నం వెళ్ళి అడ్వాన్సు ఇచ్చేయకండి. మంచి వాన పడిన మర్నాడు పొద్దున వెళ్ళండి. వీధి మలుపులో ఇస్త్రీ బండి అతన్నో, కిరాణా కొట్టు ఆవిడనో అడగండి, "2024లో నీళ్ళు ఎంత దాకా వచ్చాయి?" అని. ఓనరు మర్చిపోవచ్చు, బ్రోకరు దాచొచ్చు, కొట్టు ఆవిడ మాత్రం చేత్తో గోడ మీద ఎత్తు చూపిస్తుంది. బోరు నీళ్ళు వేసవిలో ఉంటాయా, మంచినీళ్ళ టిన్ను కొనుక్కోవాలా, మోటారు ఎవరు వేస్తారు, ఇవి పక్కింటి వాళ్ళను అడగండి.

నన్ను ఒక్కటే చెప్పమంటే ఏం చెప్తానో మీకు అనుమానం ఉంటుంది. నిర్ణయం మీ ఇద్దరిదీ, ఇంకా చెప్పాలంటే మీ నలుగురిదీ, అమ్మాయిని కూడా కలుపుకుని. నాకైతే, మీరు రాసిన లెక్కలు చూసినంతలో, ఈ వేసవి దాకా ఎనిమిది వేలకు కాగితం రాయించుకుని ఉండడం, ఈలోగా అప్పు వడ్డీ తగ్గించుకోవడం, మే నెలకు ఆ చుట్టుపక్కలే పై పోర్షన్ వెతకడం మీకు తక్కువ నొప్పితో అయ్యే పని అనిపిస్తోంది. పోరంకి వచ్చే ఏడాది సంగతి. మీ మనసు ఇక ఆ గడప చూడలేనంటే మాత్రం నా లెక్కలు పక్కన పెట్టేయండి. ఆరు నెలలు నిద్ర లేని మనిషికి నాలుగు వేలు మిగిల్చి ఏం చేస్తాం?

అమ్మాయి కవరు గురించి. అది అటక మీద నుంచి దించమని చెప్పకండి, "ఇంకేం భయం లేదు" అని కూడా అనకండి. తను మీకన్నా ముందే జాగ్రత్తపడింది. కాగితం రాయించుకున్నాక దాన్ని ఆమె చేతికే ఇచ్చి, మన ఇంటి కాగితం కూడా నీ కవర్లో పెట్టమ్మా అనండి.